కాటుకు బిస్కెట్టు

గురువారం మధ్యాహ్నం మూడింటికి
ఎవారిస్తో నా తలుపు కొడతాడు, మూడుసార్లు,
రిజిస్టర్డ్ ఉత్తరం తెచ్చినవాడిలా.
ఉత్తరాలు లేవిప్పుడు. చంకలో ఓట్స్ సంచి,
చేతిలో తడికాగితంలో చుట్టిన కోడి కార్జం.
అతనికి ఓవెన్ లేదు.
నాకుంది గానీ, అందులో కాల్చిపెట్టడానికి ఇంట్లో మనిషి లేడు.

ముప్ఫయ్యొక్క ఏళ్లు ఎక్కాడు వాల్పరాయిసోలో ఈ కొండ,
నాలుగొందల పన్నెండు మెట్లు, రోజుకు రెండుసార్లు.
ప్యాంటు పైకి లాగి సిగ్గులేకుండా చూపిస్తాడు:
ఇదిగో, ఎడమ పిక్క మీద, ఇది కనేలా వాళ్లమ్మ,
భూకంపం వచ్చిన ఏడాది.
అర్ధచంద్రంలా ఉందే, అది మినిస్త్రో,
కరెంటు బిల్లు ఇస్తుంటే వెనకనుంచి.
ఏ పంటివరస ఎవరిదో చెప్పగలడు,
మనం దస్తూరీ గుర్తుపట్టినట్టు.

"వాటికోసమా ఈ చాకిరీ?" అన్నాను మొదటివారం.
జవాబు లేదు. గుమ్మడికాయ గుజ్జు మెదుపుతున్నాడు.

ఉప్పు వెయ్యడు. చక్కెర వెయ్యడు. ఉల్లిపాయ ఊసెత్తితే
విషం పెట్టమన్నట్టు చూస్తాడు.
ఎండుద్రాక్ష డబ్బాని పై అరలోకి నెట్టేస్తాడు,
నా వంటింట్లో, నా డబ్బాని!
కార్జం ఉడికే వాసనకి కిటికీ తీస్తే
సముద్రం మీది పొగమంచు లోపలికొచ్చి
అదీ ఓసారి వాసన చూసి పోతుంది.
పిండి పలచగా పరిచి ముక్కలు కోస్తాడు,
ఒక్కోటీ తపాలా బిళ్లంత.
అంచులకు ఫోర్కుతో గాట్లు, బిళ్లకుండే పళ్లలాగే.

మొదటి వాయి మాడింది. "బట్వాడా కానివి" అని పక్కన పెట్టి
ఒకటి నోట్లో వేసుకున్నాడు. నాకూ ఒకటిచ్చాడు.
చెప్పకూడదుగానీ, బాగానే ఉంది.
ఉప్పుంటే ఇంకా బాగుండేది.

చిక్కెక్కడొచ్చిందంటే,
పళ్లెం పట్టుకుని మెట్లు దిగితే
కుక్కలు అతన్ని పట్టించుకోలేదు.
యూనిఫాం లేదు, సంచి లేదు, ఎండలో ఎక్కివచ్చిన చెమట లేదు.
కనేలా ఓ కన్ను తెరిచి, మూసింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ల శత్రువు
ఎవరో ముసలాయన అయిపోయాడు.
పళ్లెం అలాగే తిరిగి తెచ్చి
నా బల్లమీద పెట్టి కూర్చున్నాడు. టీ చల్లారింది.
"మొరగలేదు నెలీదా. ఒక్కటీ మొరగలేదు."
రిటైరైన రోజు ఆఫీసులో పూలిచ్చి చప్పట్లు కొట్టినప్పుడు కూడా
ఆ మొహం చూళ్లేదు నేను.

తర్వాతి గురువారం పాత తోలుసంచి తెచ్చాడు.
తిరిగి ఇచ్చెయ్యాల్సిందట, ఇవ్వలేదట.
వేడివేడిగా బిస్కెట్లు అందులో పోసి
టోపీ పెట్టుకుని దిగాడు.
నేను బాల్కనీ పట్టుకుని చూస్తున్నాను.
ముందు ఏదో ఒకటి గొంతు సవరించుకుంది.
ఆపైన కొండ కొండంతా మొరిగింది!
నీలం రేకుల ఇంటి కింద నుంచి, చెత్తడబ్బాల వెనకనుంచి,
పది, పన్నెండు, నిద్ర వదిలిన కోరలు.
పరిగెత్తాడు ఎవారిస్తో, మోకాళ్లని మరిచి,
నవ్వుతూ, అమ్మనా బూతులు తిడుతూ,
గుమ్మానికొకటి చొప్పున బిస్కెట్టు విసురుతూ,
ఒక్క ఇంటి నంబరూ తప్పకుండా.

మినిస్త్రో మాత్రం రాలేదు. చెవులు పోయాయి, పళ్లూ పోయాయి.
బేకరీ మెట్టు మీద పడుంటుంది పగలంతా.
దానికని విడిగా నానబెట్టి తెచ్చిన ముక్క
అరచేతిలో పెట్టి వంగాడు.
అది సంచి వాసన చూసింది, చాలాసేపు.
తర్వాత, తిండిని వదిలేసి,
ఎడమకాలి ప్యాంటు అంచు చిగుళ్లతో పట్టుకుంది,
సరిగ్గా ఆ పాత చోటే.
లాగలేదు. వదల్లేదు.
అతనూ కాలు తీసుకోలేదు.

రెండో వాయి ఓవెన్లోనే ఉందని
నాకప్పుడు గుర్తొచ్చింది.